గంజి పెట్టిన జలగ

నా లేసు అల్లిక బిగువుకి బందరులో పేరుంది. లేసు కొనుక్కెళ్ళే ఏజెంటు వెంకట్రామయ్య గారు నేనిచ్చిన ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "దోమ కూడా దూరదమ్మా రాజకుమారీ" అనేవారు. మా చెల్లెలు ఎస్తేరు అల్లిన దాంట్లోంచి పిల్లి దూరేది. ఇద్దరికీ మిషన్ స్కూల్లో నేర్పింది ఒకే టీచరమ్మ. ఇద్దరి చేతుల్లోనూ అదే కొక్కెం సూది, అదే తెల్లదారం. అయినా దాని కుట్టు వదులు, దాని జడ వదులు, దాని నోరూ వదులే. పని చేస్తున్నంతసేపూ వాగుతూనే ఉండేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అదంటే ప్రాణం కూడా.

దివిసీమలో, నాగాయలంక అవతల ఊరికి దాన్నిచ్చాక లేసు మానేసి నాట్లకీ కోతలకీ వెళ్ళడం మొదలుపెట్టింది. మొగుడు నతానియేలు నెమ్మదైన మనిషి. వాళ్ళకి నాలుగేళ్ళ కూతురు రూతు. డెబ్భై ఏడు వేసవిలో పిల్లని తీసుకుని మా ఇంటికి వచ్చినప్పుడు పిల్ల చేతిలో ఒక వస్తువు చూశాను. పాత స్వెట్టరు ఊడదీసిన ఊలుతో అల్లిన వేలెడు గొట్టం, లోపల కాస్త దూది, ఒక చివర రెండు తెల్ల చుక్కలు.

"ఏంటే ఇది?" అన్నాను.

"జలగ, అక్కా."

"బొమ్మ అల్లడానికి లోకంలో ఇంకేం దొరకలేదంటే నీకు? చిలక లేదా, కుందేలు లేదా?"

"దీనికి జలగలంటేనే ఇష్టం. చేలో నా కాలికి పట్టుకుంటే ఇదే పీకుతుంది, తెలుసా?" అంది ఎస్తేరు గొప్పగా.

జలగని రూతు చేతికి ఆనించి "అమ్మో, నెత్తురంతా తాగేస్తోంది" అంటూ లాగింది. వదులు కుట్టు కదా, వేలెడు జలగ జానెడు సాగింది. వదలగానే చటుక్కున ముడుచుకుంది. పిల్ల పడీ పడీ నవ్వింది. మళ్ళీ, మళ్ళీ అని అడిగింది. "ఈ కుట్టు ఏజెంటు గారు చూస్తే నీ చేతిలో సూది లాక్కుంటారే" అని వెక్కిరించాను గానీ, అది అలా సాగడం చూస్తే నాకూ ముచ్చటేసింది.

నవంబరులో ఉప్పెన వచ్చింది.

బందరులో మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి గానీ గోడలు నిలిచాయి. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే లేవని తెలిసేసరికి మా ఆయన ప్రకాశరావు చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరారు. లారీలు పట్టుకుని, నడిచి, పులిగడ్డ దాటి, ఆ బురదలో ఎలా వెళ్ళారో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన భుజం మీద గోనెపట్టాలో చుట్టిన రూతు ఉంది. తుమ్మచెట్లలో చిక్కుకున్న ఒక ఇంటి కప్పు మీద దొరికిందట. తల్లి చీరతో నడుముకి చుట్టి వాసానికి కట్టేసి ఉందట. నతానియేలుని ఆయనే గుర్తుపట్టి అక్కడే పూడ్చి వచ్చారు.

"మరి ఎస్తేరు?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "కనపడలేదు రాజీ."

కనపడలేదంటే లేదని కాదు కదా అన్నాను. ఎక్కడో క్యాంపులో ఉండి ఉంటుంది, అవనిగడ్డలోనో, ఎవరింట్లోనో, ఒంట్లో బాగోక పేరు చెప్పలేక పడి ఉంటుంది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఇదే అన్నాను. పాస్టరు గారు ఆదరణ వాక్యం చదవబోతే, బైబిలు మూసెయ్యండి, మా చెల్లెలు చచ్చిపోయిందని మీకెవరు చెప్పారు అని కసిరాను. ఆయన పాపం మూసేశారు.

పిల్ల నోరు కూడా అలాగే మూసుకుపోయింది. ఒక్క మాట లేదు, ఏడుపు లేదు. ఇడ్లీ తెస్తే పెదవులు బిగించేది. పాలు తెస్తే పళ్ళు బిగించేది. బలవంతం చేస్తే ఒళ్ళంతా విల్లులా వంచి మొహం పక్కకి తిప్పేసేది. ఆకలి లేక కాదు. అన్నం గిన్నె కనపడితే దాని కళ్ళు గిన్నె వెంటే తిరిగేవి. ఆ కళ్ళు చూసి నాకు మతి పోయేది. నిద్రపోయాక పెదవుల మధ్య తడి దూది పిండితే చుక్కా చుక్కా మింగేది. మెలకువ వస్తే మళ్ళీ తలుపు వేసేసేది.

ఆసుపత్రి వరండా నిండా దివిసీమ జనమే. కింద చాప వేసి, పైన కిటికీ ఊచకి సీసా కట్టి సెలైను ఎక్కించారు. కొన్నాళ్ళకి చేతుల్లో నరాలు దొరకడం మానేశాయి. డాక్టరు గారికి కళ్ళు గుంటలు పడిపోయాయి, ఆయన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. "లోపల ఏ జబ్బూ లేదమ్మా. నోటితో తినాలి. తినకపోతే నేను చెయ్యగలిగేది ఇంకేం లేదు" అన్నారు.

"నిద్రలో పాలు పోసెయ్యనా అండీ?"

"పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఉన్నది కూడా పోతుంది. ఇంటికి తీసుకెళ్ళండి. ఇంటి దగ్గరైతే మనసు మారుతుందేమో చూడండి."

ఇంటికి తీసుకెళ్ళండి అంటే అర్థం ఏమిటో నాకు తెలియదా? దారి పొడుగునా రిక్షాలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని దేవుడితో దెబ్బలాడాను. ప్రార్థనంటే అలాగే చేశాను ఆ రోజుల్లో.

మా పక్కిల్లు రోషన్ బీ వాళ్ళది. వాళ్ళాయన మీరా సాహెబ్‌ది కవరింగు నగల పని. వాళ్ళకీ కప్పు ఎగిరిపోయింది, అయినా ఆవిడ సగం రోజు మా వరండాలోనే ఉండేది. ఒకరోజు ఇద్దరం కలిసి తెగించాం. ఆవిడ కాళ్ళు పట్టుకుంది. నేను ముక్కు మూసి, నోరు తెరిచిన క్షణంలో చెంచాడు పాలు పోశాను. పిల్లకి పొలమారింది. మొహం నీలంగా మారిపోయింది. వీపు మీద చరిచి, తల కిందులుగా పట్టుకుంటే ఎప్పటికో ఊపిరి వచ్చింది. ఊపిరి రాగానే మళ్ళీ పెదవులు బిగించి, నా వంక చూసింది. కోపంగా కూడా చూడలేదు. భయపడుతూ చూసింది.

"వద్దు వదినా. ఇంకెప్పుడూ వద్దు" అని రోషన్ బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సాయంత్రం ఆవిడే గమనించింది. "ఈ పిల్ల దుప్పటి అంచు పట్టుకుని ఏదో చేస్తుంది చూడు వదినా. లాగుతుంది, వదులుతుంది. లాగుతుంది, వదులుతుంది."

చూశాను. రెండు వేళ్ళతో అంచు పట్టుకుని లాగడం, చటుక్కున వదలడం, ముడుచుకుందేమో అని చూడడం. దుప్పటి ఎక్కడ సాగుతుంది? జలగ! జలగ కోసం వెతుకుతోంది!

అప్పటికప్పుడు సూది తీశాను. ఇంట్లో ఉన్నది లేసు దారమే. చకచకా గొట్టం అల్లి, దూది కూరి, కళ్ళు కుట్టి చేతికిచ్చాను. రూతు పట్టుకుంది. లాగింది. అది నా చేతి కుట్టు, ఇనప కడ్డీలా కదల్లేదు. ఇంకోసారి లాగి చూసి, పక్కన పెట్టేసి, మళ్ళీ దుప్పటి అంచు అందుకుంది. బందరులో ఇన్నేళ్ళు మెచ్చుకున్న నా బిగువు కుట్టుని ఆ పూట నేనే తిట్టుకున్నాను.

ఊలు కావాలి. బందరు బజారులో కొట్లన్నీ తడిసిన సరుకు ఎండేసుకుంటున్నాయి. ఊలు అడిగితే నా మొహం చూసి జాలిపడ్డారు తప్ప ఎవరూ ఇవ్వలేదు. మా ఆయన గుడివాడ బస్సెక్కారు. రోడ్డు మీద పడిన చెట్లు ఇంకా నరుకుతూనే ఉన్నారు, గుడ్లవల్లేరు దగ్గరే చాలాసేపు ఆగిపోయిందట. పొద్దు వాలాక పొట్లంతో వచ్చారు. విప్పితే ఆకుపచ్చ ఊలు.

"జలగ ఆకుపచ్చగా ఉంటుందా అండీ? కళ్ళు ఎక్కడ పెట్టుకుని కొన్నారు?"

"నాలుగు కొట్లు తిరిగితే ఇదే దొరికింది రాజీ. అయినా చేలో పచ్చటి జలగలూ ఉంటాయి. నాకు పట్టాయి" అన్నారు ఆయన. అలిసిపోయి గుమ్మంలోనే కూలబడ్డారు.

పొద్దున్నే వరండాలో కూర్చున్నాను. వెదురు పుల్ల చివర కొక్కెంలా చెక్కి లావు సూది చేసుకున్నాను. అయినా నా చెయ్యి మాట వినదే! అల్లాను, లాగి చూశాను, ఊడదీశాను. మళ్ళీ అల్లాను, మళ్ళీ ఊడదీశాను. దారాన్ని చిటికెన వేలికి చుట్టి బిగించడం అలవాటు. ఆ వేలు దానంతట అదే బిగించేస్తోంది. పక్కన చాప మీద పిల్ల ఊపిరి ఎగిరెగిరి పడుతోంది. ఈ వెధవ వేలు నరికేస్తే బాగుండుననిపించింది.

ఎస్తేరు ఎలా కూర్చునేదో గుర్తు తెచ్చుకున్నాను. గోడకి చేరగిలబడి, కాళ్ళు బార చాపి, చేతుల వంక చూడకుండా అల్లేది. నేనూ గోడకి చేరగిలబడ్డాను. కాళ్ళు చాపాను. వేలికి చుట్టిన దారం విప్పేశాను. అల్లుతూ ఎస్తేరు లాగే వాగడం మొదలుపెట్టాను. "ఏమే రూతమ్మా, మీ ఊళ్ళో జలగలు లావా, మా ఊళ్ళో జలగలు లావా? జలగకి పెళ్ళైతే చీర ఎన్ని గజాలు కావాలే?" ఇలాంటి పిచ్చి మాటలు. నోరు వదులైతే చెయ్యీ వదులైంది. చివర ముడి వేసి లాగితే జానెడు సాగింది. నాకు ఏడుపు వచ్చింది.

ఇక నా బుర్ర ఏమైందో చెబుతాను. లేసు పనిలో ఏ ముక్క ముగిసినా మేం చేసేది ఒకటే. ఉతకడం, గంజిలో ముంచడం, పలక మీద గుండుసూదులతో బిగించి ఎండలో పెట్టడం. అలా పెట్టని ముక్క పూర్తయినట్టు కాదు. ఇన్నేళ్ళుగా చేతులకి పట్టేసిన పని అది. కాస్త పొద్దెక్కాక ఏజెంటు గారి ముక్కలకి గంజి పెడుతూ, ఊలుకి మట్టి ఉందని జలగనీ ఉతికాను. ఉతికినదాన్ని గంజిలో ముంచాను. ముంచినదాన్ని పలక మీద బారుగా లాగి గుండుసూదులు గుచ్చాను. పక్కనే లేసు పువ్వులు, వాటి మధ్యన ఆకుపచ్చ జలగ. అన్నీ ఎండలో పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

చలికాలమైనా ఎండ చురుక్కుమంటోంది. మధ్యాహ్నం రోషన్ బీ కేక వినపడింది. "వదినా! జలగకి గంజి పెట్టావేంటి వదినా!"

పరుగెత్తుకొచ్చి చూశాను. జలగ పుల్లలా బిగుసుకుపోయి ఉంది. వంచితే చిటుక్కుమంది. నేను అక్కడే నేల మీద చతికిలబడి నెత్తి కొట్టుకున్నాను. ఇంత కష్టపడి, ఎస్తేరు చెయ్యి తెచ్చుకుని అల్లి, చివరికి నా చేత్తో నేనే చంపేశానే అని ఏడ్చాను. రోషన్ బీ "ఉతికితే పోతుంది, లే వదినా, ఉతికితే పోతుంది" అంటూనే ఉంది.

మా గోల విని రూతు మెడ తిప్పింది. నా చేతిలో ఉన్నది చూసి చెయ్యి చాపింది. ఇవ్వక తప్పలేదు. లాగింది. సాగలేదు. ఉతికి ఇస్తానమ్మా అని తీసుకోబోతే గుప్పిట బిగించింది. దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, పళ్ళ సందు నుంచి, వినపడీ వినపడకుండా అంది.

"ఎండిపోయింది."

ఉప్పెన తర్వాత అది అన్న మొదటి మాట అదే. గట్టు మీద ఎండి ముడుచుకుపోయిన జలగకి నీళ్ళు తగిలితే మళ్ళీ కదులుతుంది. చేల మధ్య పెరిగిన పిల్లకి ఆ సంగతి తెలుసు. నీళ్ళ కోసం అటూ ఇటూ చూసింది. అందుబాటులో ఏమీ లేదు. పెదవులు కొద్దిగా, జలగ తల పట్టేంత మాత్రం తెరిచి, దాన్ని లోపల పెట్టుకుంది.

చప్పరిస్తోంది. ఊలుకి పట్టిన గంజి కరుగుతోంది. రోషన్ బీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల గొంతు కదిలింది. ఇంకోసారి కదిలింది. మెలకువగా ఉండి మింగుతోంది!

తల మెత్తబడ్డాక తీసి లాగి చూసింది. కాస్త సాగింది. మిగతాది నాకు చూపించి, "ఇంకా ఎండే ఉంది" అంది.

పొయ్యి మీద అన్నం వార్చిన గంజి వేడివేడిగా ఉంది. అందులో కాసిని పాలు, కాస్త బెల్లం వేసి చల్లార్చి తెచ్చి, "దీంట్లో ముంచమ్మా, బతుకుతుంది" అన్నాను. ముంచింది, చప్పరించింది, లాగింది. మళ్ళీ ముంచింది. ఆ పూట జలగ ఎంత గంజి తాగిందో గానీ పిల్ల బుగ్గల్లో చుక్క నెత్తురు కనిపించింది. రోషన్ బీ అల్లాని తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. నేను దేవుడితో దెబ్బలాట ఒక పూటకి ఆపాను.

మర్నాడు రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు సంతోషించారు. అంతలోనే పిల్ల చెయ్యి పట్టుకుని చూసి, "మంచిదే గానీ ఇది చాలదమ్మా. ఊలు చప్పరిస్తే పిల్ల నిలవదు. చెంచాతో తాగాలి, ముద్ద తినాలి. బాగా నీరసించిపోయింది, ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

ఇంటికి వచ్చాక దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గంజి గిన్నె, చెంచా తీశాను. చెంచా చూడగానే పెదవులు బిగిశాయి. గోముగా అడిగాను, కథ చెప్పాను, నేను ఒక చెంచా తాగి చూపించాను. ఊహూఁ. నా ఓపిక అయిపోయింది. "జలగ కోసం తెరుస్తావు, పెద్దమ్మ కోసం తెరవవా? నీకేం పాపం చేశానే నేను?" అని అరిచాను. గొంతు నాకే వికారంగా వినపడింది.

రూతు గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరని చూసుకుని, పళ్ళు బిగించే, నా చెవిలో అంది.

"కొంచెమే తెరిచా. అమ్మకి చెప్పకు."

"ఏం చెప్పకూడదు?"

"నోరు తెరిచానని. అమ్మ తిడుతుంది."

"అమ్మ ఎందుకు తిడుతుందమ్మా?"

"నోరు మూసుకో, నీళ్ళు పోతాయి అంది. గట్టిగా మూసుకో, నేను తియ్యమనేదాకా తియ్యకు అంది. నన్ను పైకి పెట్టి చీర కట్టింది. అమ్మ ఇంకా తియ్యమనలేదు."

చెంచా గిన్నెలో పెట్టేశాను. ఇన్నాళ్ళూ పిల్ల మొండికేసిందనుకున్నాను, భయమనుకున్నాను, దయ్యం పట్టిందేమో చూడమని కూడా ఎవరో అన్నారు. అది తల్లి మాట వింటోంది. కడుపు మాడిపోతున్నా, నరాలు ఎండిపోతున్నా, అమ్మ వచ్చి చెప్పేదాకా నోరు తెరవకూడదని కాచుకుని కూర్చుంది.

"అమ్మ నాతో చెప్పింది తల్లీ. ఇక తియ్యమంది" అన్నాను.

అది నా కళ్ళలోకి చూసింది. నమ్మలేదు.

"అమ్మని చెప్పమను."

మా ఆయన ఎప్పుడొచ్చారో, గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నట్టున్నారు. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్ళిపోయారు. రేపు వస్తుంది, క్యాంపులో ఉంది అని నాలుక చివరిదాకా వచ్చింది. ఊరందరికీ చెప్పిన మాటే కదా, నోటికి అలవాటైపోయింది. కానీ అమ్మ రేపు వస్తుందంటే ఈ పిల్ల రేపటిదాకా నోరు మూసుకునే ఉంటుంది. ఎల్లుండి అంటే ఎల్లుండిదాకా ఉంటుంది. అన్ని రోజులు దాని ఒంట్లో లేవు.

దాని రెండు చేతులూ పట్టుకున్నాను. ఎస్తేరూ, నన్ను క్షమించవే అనుకున్నాను.

"అమ్మ రాదు రూతమ్మా. నిన్ను పైకి పెట్టి అమ్మ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అమ్మ చచ్చిపోయింది. తియ్యమని చెప్పడానికి ఇక ఎప్పటికీ రాదు."

చెప్పేశాను. ఆ మాట నా నోటి నుంచి నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను.

రూతు గడ్డం వణికింది. పెదవులు ఇంకా గట్టిగా బిగించాలని చూసింది, తెల్లబడేదాకా బిగించింది, ఇక ఆపలేకపోయింది. నోరు తెరుచుకుంది. "అమ్మా" అని పెట్టిన ఆ కేక పక్కింట్లో రోషన్ బీ విని చేతిలో పని పడేసి పరుగెత్తుకొచ్చింది. పాలపళ్ళన్నీ కనపడేలా నోరంతా తెరిచి, గుక్క పట్టి, మళ్ళీ మళ్ళీ అమ్మనే పిలిచింది. నేనూ ఎస్తేరూ ఎస్తేరూ అని దానితో పాటు ఏడ్చాను. ఏడుస్తూనే చెంచా అందుకుని, గుక్క తిప్పుకోవడానికి అది ఆగినప్పుడల్లా గంజి పోశాను. మింగింది, ఏడ్చింది. మింగింది, ఏడ్చింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం.